మా అవ్వ నీళ్ళు పోసుకున్న ఏడాది

మా అవ్వ డెబ్బై ఆరో ఏట గర్భవతి అని చెప్పే కాగితం ఒకటి నా దగ్గర ఉంది. పోయిన నెల మా తమ్ముడు అంగడి పైనున్న అటక ఖాళీ చేయిస్తూ, "అక్కా, నీ కాలేజీ కాగితాలంట, ఎలకలు తినకముందే వచ్చి ఎత్తకపో" అని ఫోన్ చేస్తే వెళ్ళాను. తుప్పు పట్టిన గుండుసూది గుచ్చిన ఫారాల కట్ట అది. అన్నిటికంటే పైనున్న దానిలో మా అవ్వ పేరు, వయసు, చదువు లేదని, పళ్ళు లేవని వరసగా రాసి, గర్భవతి అన్న గడిలో నీలం సిరాతో పెద్ద టిక్కు పెట్టి ఉంది. అప్పటికి మా తాత పోయి ముప్పై ఏళ్ళు. శొంఠి గోతాం మీద కూలబడి నవ్వుతుంటే దుమ్ముకి దగ్గు కూడా కలిసింది. "ఏందక్కా, ఏడస్తా ఉండావా నవ్వతా ఉండావా?" అని తమ్ముడు కిందనుంచి అరిచాడు. రెండూ అని చెప్పాను. ఆ కాగితం రాసింది నా స్నేహితురాలు మాధవి. రాయడానికి కారణం మా అవ్వ నోటి మాట. ఆ తర్వాత నేను చేసిన తప్పు ముందు అదసలు తప్పే కాదు.

మాది పుదుచ్చేరి బజారులో నాటుమందుల అంగడి. ముందు అంగడి, వెనక ఇల్లు, పైన మిద్దె. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకి వాసన అంటే ఏమిటో విడిగా తెలియదు. వస, పిప్పళ్ళు, కరక్కాయ, సుగంధిపాల వేళ్ళు అన్నీ కలిసి మా బట్టల్లోకి, అన్నంలోకి, బడి పుస్తకాల్లోకి ఎక్కేవి. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు నన్ను 'కషాయం' అని పిలిచేవాళ్ళు. సముద్రపు గాలికి సరుకంతా మెత్తబడుతుంది కాబట్టి ఎండ వచ్చిన ప్రతిరోజూ వేళ్ళూ కాయలూ మిద్దె మీద చాపలేసి ఆరబెట్టడం, మబ్బు పట్టగానే పరుగెత్తి ఎత్తడం మా ఇంటి పని. మా నాయన ఏ వేరునైనా కొరికి చూసి, అది ఏ ఊరి మట్టిలో పెరిగిందో చెప్పేవాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి అంగడి తలుపులు వేసి, కాళ్ళు కడుక్కుని, భోజనానికి కూర్చునే ముందు తన అరచేయి ఒకసారి వాసన చూసుకునేవాడు. పొద్దుటినుంచి ఏమేం అమ్మాడో ఆ చెయ్యే చెబుతుందట. అమ్మ ఆ అలవాటు చూసి నవ్వుకుంటూ అన్నం వడ్డించేది.

ఇంటికి అసలు అధికారి అవ్వ. పెరట్లో ఇటుకల పొయ్యి మీద పెద్ద రాగి అండా ఉండేది. తెల్లవారకముందే కొబ్బరి పీచు వేసి దాన్ని వెలిగించి, ఇంట్లో ఒక్కొక్కరినీ లేపి, వేడినీళ్ళు పోసుకున్నామా లేదా అని విచారించేది. మేము స్నానం అనే మాట వాడం. నీళ్ళు పోసుకోవడమే. ఇంటికి పోస్టుమ్యాన్ వచ్చినా, చుట్టం వచ్చినా, ఆవిడ మొదటి పలకరింపు "నీళ్ళు పోసుకొంటివా?" అనే. పోసుకోలేదంటే అండా ఎటువైపుందో చూపించేది. ఊరికి తిండి పెట్టే వాళ్ళుంటారు, మా అవ్వ ఊరికి నీళ్ళు పోసే రకం.

అలాంటి ఇంటినుంచి నేను వెళ్ళిన కాలేజీ ఎవరికీ అర్థమయ్యేది కాదు. పొద్దున కవిత్వం, తర్వాత గణాంకాలు, మధ్యాహ్నం చరిత్ర, సాయంత్రం వైతికుప్పం జాలరిపేటకి వెళ్ళి ఏ కుళాయి దగ్గర ఎంతమంది బిందెలతో నిలబడ్డారో రాసుకురావడం. అన్నీ కొంచెం కొంచెం నేర్పి, ఒకటి మాత్రం లోతుగా నేర్పుతారు. నేను లోతుగా నేర్చుకోవాలనుకున్నది ప్రజారోగ్యం. అరవంలో దాన్ని సుగాదారం అంటారు. మునిసిపాలిటీలో బ్లీచింగ్ పౌడరు చల్లే శాఖకీ అదే పేరు. దాంతో మా బంధువులందరూ నేను కాలువలు ఊడ్చే ఉద్యోగానికి మూడేళ్ళు చదువుతున్నానని తీర్మానించుకున్నారు. "సూదీ మందూ లేని డాక్టరు చదువంట" అని మా చిన్నాయన పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించేవాడు. మా నాయనకి నన్ను బీకాం చదివించాలని ఉండేది. నేను రెండు రోజులు అన్నం మానేస్తే మూడో రోజు ఒక షరతు పెట్టాడు.

"ఒక ఏడాది చూస్తాను పాపా. ఏడాది లోపల నీ చదువు ఏందో నాకు అర్థం కావాల. అర్థం కాలేదంటే మారు మాట్లాడకుండా బీకాంలో చేరాల. సరేనా?"

సరేనన్నాను. ఆ ఏడాదంతా నా మెడ మీద ఆ మాట వేలాడుతూనే ఉంది. వారానికోసారి భోజనాల దగ్గర నాయన "ఈ వారం ఏంది చెప్పిచ్చిరి?" అని అడిగేవాడు. నేను వ్యాధి వ్యాప్తి అనీ, నిష్పత్తులనీ మొదలుపెట్టేదాన్ని. ఆయన శ్రద్ధగానే వినేవాడు. చివరికి "అయితే మందు ఎప్పుడిస్తారు?" అనేవాడు. మేము మందు ఇవ్వము నాయనా, జబ్బు రాకముందే చూసుకుంటామని చెబితే, "రాని జబ్బుకి ఎవురు వస్తారు నీ దగ్గిరికి?" అని పెరుగన్నం కలుపుకునేవాడు. అలా అన్నప్పుడల్లా బీకాం నాకు మరీ దగ్గరగా కనిపించేది.

మాధవి తెనాలినుంచి వచ్చింది. అక్కడివాళ్ళు తెలుగు రాస్తారు, చదువుతారు. నేను పుట్టినప్పటినుంచీ తెలుగు మాట్లాడేదాన్నే గానీ నాకు అక్షరం ముక్క రాదు, చదివిందంతా అరవంలోనే. నా మాట విని మొదటి రోజు మాధవి, "నువ్వు మాట్లాడేది ఏ భాష?" అని నిజంగానే అడిగింది. తెలుగే అంటే నమ్మలేదు. నేను దానికి ఊరు చూపిస్తే, అది నాకు అక్షరాలు దిద్దించింది. ఈ రోజు ఈ నాలుగు మాటలు తెలుగులో రాస్తున్నానంటే ఆ పిల్ల పుణ్యమే.

రెండో అర్ధసంవత్సరంలో ఇంటింటి సర్వే వచ్చింది. మా టీచరు కలైసెల్వి మేడం సన్నగా, గట్టిగా ఉండే మనిషి. తెలుగు రాదు. ఊళ్ళో తెలుగు మాట్లాడే ఇళ్ళకి మా ఇద్దరినీ వేసింది. ఆవిడ నియమం ఒకటే. చెప్పింది చెప్పినట్టు రాయాలి, మన తెలివి కలపకూడదు. ఫారం ఇంగ్లీషులో ఉండేది, మేము నోటితో తెలుగు చేసుకుని అడగాలి. మొదటి రోజు సాధనకి మా వీధే తీసుకున్నాం. మా ఇల్లు నేను రాయకూడదు కాబట్టి మాధవి రాసింది. ఇంట్లో గర్భవతులు ఎంతమంది అన్న ప్రశ్న దగ్గర, పెద్దావిడని కడుపు గురించి సూటిగా అడగలేక, తమ ఊరి మర్యాద ప్రకారం, "మామ్మగారూ, ఇంట్లో ఎవరైనా నీళ్ళోసుకున్నారా?" అంది. తెనాలి వైపు నీళ్ళోసుకోవడమంటే కడుపుతో ఉండటం. అవ్వకి ఆ సంగతి తెలియదు.

"ఎవురైనా ఏంది? నేను తెల్లారకముందే పోసుకొంటి" అంది అవ్వ.

మాధవి కలం ఆగిపోయిందట. "మీరాండీ?"

"దినామూ పోసుకొంటాను. తప్పితే ఒళ్ళు నొప్పులు. మా కోడలు ఇంకా పోసుకోలా, వంటయినాక పోసుకొంటాది. నువ్వు పోసుకొంటివా?"

"అయ్యో, నాకింకా పెళ్ళి కాలేదండీ!"

"పెళ్ళికీ దానికీ ఏంది? చిన్నపిల్లవి, వేన్నీళ్ళు ఉండాయి, పో, పోసుకో."

మాధవి చెప్పింది చెప్పినట్టు రాసింది. వీధిలో మిగతా ఇళ్ళలోనూ అంతే. సోమవారం క్లాసులో మేడం ఆ ఫారాలు చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తొమ్మిది ఇళ్ళు, పదిహేడు మంది గర్భవతులు, వాళ్ళలో నలుగురు అరవై దాటినవాళ్ళు. ఒక ఫారం అడుగున మాధవి ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఇంటి యజమాని కూడా పోసుకున్నానని అంటున్నారు' అని ఇంగ్లీషులో గమనిక రాసింది. నేను ఆ మాట ఏమిటో విడమరిచి చెప్పేసరికి క్లాసు క్లాసంతా బల్లలు చరిచింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. ఇది మా భాష, మా ఊరు, నేనైతే ఇలాంటి తప్పు చస్తే చేయను అని గర్వం. మేడం మాత్రం నవ్వలేదు. ఎవరి మాట వాళ్ళకి తెలుసునన్న నమ్మకమే సర్వేలో అన్నిటికన్నా పెద్ద తప్పు అంది. అది మాధవికి చెప్పిన మాట అనుకున్నాను.

తర్వాతి శనివారం నేను ఒక్కదాన్నే ముదలియార్‌పేట వెళ్ళాను. నూనె మిల్లు వెనక సందులో సరోజమ్మ అనే ఆవిడ ఇల్లు. కొడుకు బస్సు కండక్టరు, కోడలి పేరు ధనం. ఇంట్లో మాట్లాడేది మా తెలుగే. నేను దర్జాగా తిన్నె మీద కూర్చుని, శుభ్రత ప్రశ్న దగ్గర, "అత్తా, ఇంట్లో అందరూ దినామూ నీళ్ళు పోసుకొంటారా?" అని తడబడకుండా అడిగాను. సరోజమ్మ ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, కొంచెం నవ్వుతూ, "మేమంతా పోసుకొంటాము పాపా. మా కోడలే, మూడు నెలలుగా మునగకుండా ఉండాది" అంది.

మూడు నెలలు! లోపల చాప మీద పడుకుని ఉన్న ధనం నాకు కనిపిస్తూనే ఉంది. ముఖం పాలిపోయి ఉంది. స్నానం లేక అలా అయిపోయింది కాబోలని జాలి కలిగింది. అత్తగారి నవ్వు సిగ్గుతో వచ్చిందనుకున్నాను. శుభ్రత గడిలో 'చాలా తక్కువ' అని రాసి, ఊరుకోకుండా, చెమట గురించి, చర్మం గురించి, నీళ్ళు కరువైతే తడిగుడ్డతోనైనా తుడుచుకోవడం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. సంచిలోంచి కాలేజీ వాళ్ళిచ్చిన సబ్బు తీసి చేతిలో పెట్టాను. సరోజమ్మ ఆ సబ్బునీ నన్నూ మార్చి మార్చి చూసి, "సరి పాపా, చెప్తాలే" అంది. ఆ రోజు ఇంటికి నేను నేల మీద నడవలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాయన "ఈ వారం ఏంది?" అనగానే నా ఘనకార్యమంతా చెప్పాను. ఈసారి ఆయనకి తప్పకుండా అర్థమవుతుందని నమ్మకం. మందు లేకుండా మనిషిని బాగుచేయడమంటే ఇదే కదా. 'మునగకుండా' అన్న మాట దగ్గర అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అవ్వ బోసినోరు తెరిచి, "ఓసి నీ చదువు కాలా! సబ్బు ఇచ్చి వస్తివా?" అని పొట్ట పట్టుకుంది. అరవంలో ఆడమనిషి మునగకుండా ఉందంటే నెల నెలా పోసుకునే తలస్నానం ఆగిపోయిందని, అంటే కడుపుతో ఉందని అర్థమట. మాలాంటి ఇళ్ళలో ఆ మాటనే తెలుగు చేసుకుని చెప్పుకుంటారు, కానీ పెళ్ళికాని పిల్లల ముందు అనరు. కాబట్టి నాకు తెలియలేదు. తెనాలిలో నీళ్ళు పోసుకుంటే కడుపు, పుదుచ్చేరిలో పోసుకోకపోతే కడుపు. ఆ వారమంతా నేను నవ్విన నవ్వు తిరిగి నా మీదికే వచ్చింది.

నాయన మాత్రం నవ్వలేదు. అన్నంలో చెయ్యి అలాగే ఆగిపోయింది.

"యా ఇల్లు?"

"నూనె మిల్లు వెనక సందు. సరోజమ్మత్త."

"తెల్లార్తో ఆమె వచ్చింది అంగడికి" అన్నాడు. "కోడలికి నాలుగు దినాలుగా కడుపు కదల్లేదు అన్నింది. నేను సునాముఖి కట్టిచ్చినా."

అవ్వ నవ్వు ఆగిపోయింది. సునాముఖి ఆకు గట్టి విరేచనాల మందు. గర్భిణులకి అది ఇవ్వకూడదన్నది మా అంగట్లో మొదటి పాఠం. నాయన అప్పటికే చెయ్యి కడుక్కుని స్కూటరు తాళం తీసుకుంటున్నాడు. "నువ్వూ రా, ఇల్లు చూపించు" అన్నాడు. దారి పొడుగునా వెనక కూర్చుని నేను ఏడుస్తూనే ఉన్నాను. మూడు నెలలని చెవులారా విన్నాను. పాలిపోయిన ముఖం కళ్ళారా చూశాను. చూసి, ఫారంలో ఉన్న గర్భవతుల ప్రశ్న అడగడమే మరిచి, సబ్బు ఇచ్చి వచ్చాను. ఆ పిల్లకి ఏమైనా అయితే బీకాం కాదు, ఏ చదువుకీ నేను పనికిరానని అనిపించింది.

మేము వెళ్ళేసరికి ఆకు ఇంకా చెంబులో నానుతూ ఉంది, సాయంత్రం కాచి ఇద్దామని. నాయన లోపలికి వెళ్ళలేదు. గడపలోనే నిలబడి, "సరోజక్కా, కోడలు మునగకుండా ఉండాదని నాకెందుకు చెప్పలా?" అని అడిగాడు. మా నాయన ఒక ఆడమనిషిని ఆ మాట అడగడం ఆయన జీవితంలో అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి.

సరోజమ్మ తల వంచుకుంది. "మగవాడివి, నేనెట్లా చెప్పేది అన్నా? నువ్వూ అడగలేదు కదా."

నాయన ఆ చెంబు తీసుకుని తన చేత్తోనే కాలువలో పారబోశాడు. అప్పుడు నేను ధైర్యం చేసి ధనం దగ్గర కూర్చుని, క్లాసులో నేర్పినట్టు కింది కనురెప్ప లాగి చూశాను. లోపల ఎరుపన్నది లేదు. పొద్దున్నే చూడాల్సిన పని అది. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాలన్నాను. సరోజమ్మ నా వైపు కాదు, నాయన వైపు చూసింది. "పాప చెప్తా ఉండాది కదా, చీర మార్చుకోమను" అన్నాడు నాయన. ఆటోలో వాళ్ళు, వెనక స్కూటరు మీద మేము. అక్కడి నర్సమ్మ పరీక్ష చేసి, ఒంట్లో రక్తం బాగా తక్కువగా ఉందని, ఇంకో రెండు నెలలు ఇలాగే వదిలేస్తే కష్టమయ్యేదని కేకలేసి, మాత్రలిచ్చి, నెల నెలా రమ్మంది. ధనం బిడ్డ నిక్షేపంగా పుట్టింది. బిడ్డని చూడబోయినప్పుడు, "అక్కా, ఆ సబ్బు ఇంకొకటి ఉండాదా?" అని అడిగి ధనం నన్ను ఏడిపించింది.

తిరిగి వస్తూ నాయన స్కూటరు ఆపి సోడా ఇప్పించాడు. సగం సీసా తాగి మొదలుపెట్టాడు. "ఇన్నేండ్లుగా మందు ఇస్తా ఉండాను. నొప్పి యాడ అని అడుగుతాను. ఏం తింటివి అని అడుగుతాను. ఇది అడగలా. సిగ్గు. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు, అడగందే అంగడివాడికి మాత్రం ఎట్లా తెలస్తాది?" మా నాయన తన తప్పు నా ముందు ఒప్పుకోవడం నాకు కొత్త, గర్వంగానూ బాధగానూ ఉంది.

సోమవారం క్లాసులో లేచి నా తప్పంతా చెప్పుకున్నాను. మాధవి బల్ల చరుస్తుందనుకుంటే, నా పక్కకి జరిగి చెయ్యి పట్టుకుంది. క్లాసయ్యాక మాత్రం "సబ్బు ఏ వాసనదే?" అని ఆరా తీసి తన బాకీ తీర్చుకుంది. మేడం ఫారం పక్కన పెట్టి, "మీ నాన్నగారు ఒకసారి వస్తారా?" అంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పెరడంతా మందే ఉన్న ఇంట్లో పుట్టి, మా నాయనని క్లాసుకి పిలవవచ్చన్న ఆలోచన నాకు ఏ రోజూ రాలేదు.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, మధ్యాహ్నం అంగడి మూసే వేళ రెండు రోజులు వచ్చాడు. క్లాసంతా శొంఠి వాసన. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అంగట్లోలాగే నిలబడి అరవంలోనూ మా తెలుగులోనూ చెప్పాడు. ఆడవాళ్ళు కడుపు సరిగా లేదంటే ఎన్ని అర్థాలు, తల తిరుగుతోందని చేత్తో ఎలా చూపిస్తే నీరసం, ఎలా చూపిస్తే భర్తతో తగాదా, దేనికి నవ్వుతారు, దేనికి కొంగు కొరుకుతారు. మేము ఇరవైమందిమి తలెత్తకుండా రాసుకున్నాం. చివర ఎవరికైనా సందేహాలున్నాయా అని మేడం అడిగితే ఆయనే చెయ్యి ఎత్తి, "ఇదంతా పరీక్షలో అడుగుతారా?" అన్నాడు.

ఇప్పుడు నేను చేసేది ఆ పనే. ఊరూరా తిరిగి సర్వే చేసే పిల్లలకి అడగడం నేర్పుతాను. వాళ్ళ చేతుల్లో ఫోన్లు, ప్రశ్నలు తెర మీదే వస్తాయి, డెబ్బై ఆరేళ్ళ గర్భవతిని రాయబోతే యంత్రమే ఎర్రగా అరుస్తుంది. మంచిదే. కానీ సబ్బు ఇచ్చి వచ్చేవాళ్ళని ఆపే యంత్రం ఇంకా రాలేదు. ఇళ్ళలో గీజర్లు వచ్చాయి. అందరూ స్నానం అంటున్నారు, లేదా బాత్. మా తమ్ముడి పిల్లలు నీళ్ళు పోయడమంటే మొక్కలకి అనుకుంటారు. అంగట్లో చూర్ణాలు ప్యాకెట్లలో వస్తున్నాయి, మిద్దె మీద ఆరబెట్టే పని లేదు, పిల్లల్ని బడిలో కషాయం అని పిలిచేవాళ్ళూ లేరు. ఆడవాళ్ళు నెల తప్పిందని ఎవరిముందైనా సూటిగా చెప్పగలుగుతున్నారు. అది నాకు నిజంగా సంతోషం. ఆ పాత చాటు మాటల మీద మమకారం ఉంది గానీ, ఒక మనిషి ప్రాణం మీదకి వచ్చేంత చాటు ఎందుకు? మా నాయన పోయి నాలుగేళ్ళయింది. చివరివరకూ సునాముఖి అడిగిన ప్రతి ఆడమనిషినీ, చెవులు ఎర్రబడుతూనే, ఆ ప్రశ్న అడిగాకే పొట్లం కట్టేవాడు.

ఆ వేసవిలో ఏడాది గడువు తీరింది. రెండో సంవత్సరానికి సంతకం పెట్టాల్సిన కాగితం తెచ్చి నాయన ముందు పెట్టాను. క్లాసుకి వచ్చినా, ఆటో ఎక్కించినా, ఆయన ఆ షరతు ఎత్తలేదు, వదిలేశానని కూడా అనలేదు. కరక్కాయలు ఏరుతున్న చేతులు తుడుచుకుని, కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడింది. అవ్వ వాములో రాళ్ళు ఏరడం ఆపింది.

"నీ చదువు ఏందో ఏడాదిలో నాకు అర్థం కావాలంటి కదా పాపా" అన్నాడు.

"అవును నాయనా."

"కాలా" అన్నాడు, కలం మూత తీస్తూ. "ఇంకో రెండేండ్లు పట్టేట్టుండాది."